లోపం చెప్పి అమ్ముదాం, మోగించి చూసి కొందాం

హాస్టళ్ళలో, యూనివర్సిటీల్లో చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, చదువు ముగించి ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు.

ఈ మధ్య మన దగ్గర పాత పుస్తకాలు, నోట్సు, సైకిళ్ళతో పాటు ఇంకో రకం బేరాలు పెరిగాయి. "బేస్ గిటార్ ఉంది, మంచి కండిషన్, అర్జెంటుగా అమ్మాలి" అని ఒకరు, "పెడల్ కావాలి, ఎవరి దగ్గరైనా ఉందా" అని ఇంకొకరు. చూస్తే సంతోషమే. కాలేజీ ఫంక్షన్లకు, చర్చిలో పండగలకు, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి బయటి నుంచి ఆర్కెస్ట్రా తెప్పించుకునే రోజులు పోయి మన పిల్లలే బ్యాండు కట్టి వాయిస్తున్నారు. కానీ ఆ అమ్మకం పోస్టుల్లో "మంచి కండిషన్" అనే రెండు మాటలు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ రెండు మాటలు నమ్మి ఒక తమ్ముడు ఆలస్యంగా పడిన స్కాలర్‌షిప్ డబ్బు మొత్తం తీసి ఇచ్చేస్తున్నాడు. ఇంటికి తీసుకెళ్ళాక నెక్ వంకర, జాక్ లూజు, పెడల్ ఆన్ కాదు. అప్పుడు ఫోన్ చేస్తే అవతలి నంబరు ఎత్తదు.

అందుకే ఈ పోస్టు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. సెకండ్ హ్యాండ్ వాయిద్యాలు మనకు సరైన దారి. అయితే ఆ దారి నిలబడాలంటే అమ్మేవాళ్ళు లోపం చెప్పి అమ్మాలి, కొనేవాళ్ళు మోగించి చూసి కొనాలి, ఆ వస్తువు షాపు గడప తొక్కకముందే మన జూనియర్ల చేతికి రావాలి. ఇది ఎందుకో, ఎట్లాగో కింద రాస్తున్నాం. పొడుగు ఉంది, ఓపికగా చదవండి.

*మనకు బేస్ ఎందుకు అనేవాళ్ళకు*

ముందు ఈ మాట తేల్చుకుందాం. "ఆదివాసీ పిల్లలకు గిటార్లు ఎందుకు, మన వాయిద్యాలు మనకున్నాయి కదా" అనేవాళ్ళు బయటా ఉన్నారు, మనలోనూ ఉన్నారు. మన ఆటలో కాలు కదిలించేది పైన పాడే గొంతు ఒక్కటే కాదు, కింద మోగే దెబ్బ కూడా. థింసాలో డప్పు, తుడుము ఆ పని చేస్తాయి. కోయ ఊళ్ళలో డోలి చేస్తుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారి డోలి విన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బ్యాండులో బేస్ గిటార్ పని కూడా అదే. ఎవరూ దాన్ని ప్రత్యేకంగా గుర్తించరు, ఆపేస్తే మాత్రం పాట చప్పబడిపోతుంది. కింది మోత విని పెరిగిన చెవి మనది. బేస్ మనకు పరాయిది కాదు.

ఖాసీ కొండల్లో షిల్లాంగ్ వాళ్ళను చూడండి. అక్కడ లూ మజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజుకు కచేరీ చేస్తూ వచ్చాడు. ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకున్నందుకు ఖాసీలు ఖాసీలు కాకుండా పోలేదు. ఇంకో మాట, ఇది మగపిల్లల వాయిద్యం అనుకునే చెల్లెళ్ళు ముంబయి బేసిస్టు మోహినీ డే వాయించిన వీడియో ఒకటి చూడండి. ఆ అనుమానం అక్కడితో తీరిపోతుంది.

*పాతది కొనడం తక్కువతనం కాదు*

పేరున్న కంపెనీ బేస్ కొత్తది కొనాలంటే చిన్న మోడలే ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటుంది. దానికి ఆంప్, కేబుల్, బ్యాగు కలిపితే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. మన ఇళ్ళలో అంత డబ్బు చేతిలో ఉంటే ముందు బోరు, ఇంటి రేకులు, చెల్లి ఫీజు గుర్తొస్తాయి. గుర్తు రావాలి కూడా. కాబట్టి మనకు మిగిలేది పాతదే.

అదృష్టం ఏంటంటే బేస్ గిటార్ పాతబడినంత మాత్రాన చెడిపోయే వస్తువు కాదు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడే నెక్‌ను బాడీకి స్క్రూలతో బిగించేలా చేశాడు. ఇవాళ మనకు దొరికే మామూలు బేస్‌లలో ఎక్కువ భాగం ఆ పద్ధతివే. నెక్ విప్పొచ్చు, పికప్ మార్చొచ్చు, జాక్ మార్చొచ్చు, ట్యూనింగ్ కీలు మార్చొచ్చు. పాత సైకిల్‌కు చెయిన్ మార్చినట్టే. ఒక పార్టు పోతే మొత్తం పోయినట్టు కాదు.

డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు వినే ఉంటారు. ఆయన చేతిలో ఉన్నది 1962 నాటి ప్రెసిషన్ బేస్. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో మీటేవాడు. తీగలు మార్చడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు, పాత తీగలతోనే రికార్డింగులు చేశాడు. కాళ్ళ కింద పెడళ్ళ వరస లేదు. ఆ బేస్ లైన్లు ఇప్పటికీ ప్రపంచమంతా నేర్చుకుంటోంది. కాబట్టి "మా దగ్గర పాతదే ఉంది, పెడళ్ళు లేవు" అని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు.

*బేస్ చూడటానికి వెళ్ళినప్పుడు*

ఫోన్లో వీడియో చూసి డబ్బు పంపకండి. దీనికి ఒక కారణం మోసం, రెండోది సౌండు. బేస్‌లో లావు తీగ, ఈ తీగ, సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కింది సౌండు పలకలేదు. మీకు వినిపించేది పైపై సౌండే. వీడియో తప్పనిసరైతే మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. కానీ చివరికి చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. వాయించడం వచ్చినవాళ్ళను ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి.

మొదట నెక్. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో ఒకేసారి నొక్కండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. పెన్సిల్ దూరేంత ఉంటే ముందుకు వంగింది. సందే లేకపోతే వెనక్కి వంగింది. వంగడం పెద్ద జబ్బు కాదు, నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్‌ను కొద్దికొద్దిగా తిప్పి సరిచేస్తారు. ఆ రాడ్ తిరగకపోవడమే అసలు జబ్బు. అమ్మేవాళ్ళను అడిగి, తెలిసినవాళ్ళ చేత కొంచెం తిప్పించి చూడండి. తల అరిగిపోయి కీ పట్టకపోయినా, బిగుసుకుపోయి కదలకపోయినా ఆ బేరం వదిలేయండి. అట్లాగే నెక్ ఒక పక్కకు మెలితిరిగి ఉంటే కూడా వదిలేయండి. వానాకాలం మన్యంలో తేమ, ఎండాకాలం రేకుల ఇంట్లో వేడి, ఈ రెండిటి మధ్య గోడకు ఆనించి వదిలేసిన గిటార్లకు ఈ జబ్బులు తొందరగా వస్తాయి.

తర్వాత పగుళ్ళు. ఫోన్ టార్చి వేసి తల వెనక భాగం, నెక్ బాడీలో కూర్చునే చోటు చూడండి. రంగు మీద సన్నటి గీత అయితే పర్వాలేదు. వేలితో తడిమితే గోరు పట్టేంత గీత ఉంటే, జిగురు కారిన గుర్తులు ఉంటే, అది విరిగి అతికించింది. అతికించింది పనికిరాదని కాదు. ఆ సంగతి చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మాలి.

తర్వాత ఫ్రెట్లు. నాలుగు తీగల మీద, ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటుతూ పోండి. అయిదు నిమిషాల పని, బద్ధకించొద్దు. ఎక్కడైనా గరగర వస్తుందా, స్వరం చచ్చిపోతుందా చూడండి. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు పెట్టి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని చూస్తే రెండూ ఒకే స్వరం చూపించాలి. తేడా ఉంటే బ్రిడ్జి దగ్గర స్క్రూలతో సరిచేయొచ్చు. ఆ స్క్రూలు తుప్పు పట్టి కదలకపోతే మాత్రం కష్టం.

చివర కరెంటు పని. కేబుల్ పెట్టి నాబ్‌లు అన్నీ తిప్పండి. బరబర వస్తే నాబ్ లోపల దుమ్ము చేరింది, ఎక్కువసార్లు క్లీనింగ్‌తో పోతుంది. కేబుల్ కదిలిస్తే సౌండు పోయి వస్తుంటే జాక్ లూజు. బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్ అయితే వెనక మూత తీసి చూడండి. 9 ఓల్టుల బ్యాటరీ కారి లోపల తెల్లగా, పచ్చగా పేరుకుని ఉంటుంది కొన్నిసార్లు. కొన్నాక ఇది గుర్తుంచుకోండి, చాలా యాక్టివ్ బేస్‌లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కాలుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే కేబుల్ పీకేయాలి.

బేరమాడేటప్పుడు ఏ పని ఎంత ఖరీదో తెలిసి ఉండాలి. జాక్ మార్చడం వందల్లో పని. ఫ్రెట్లు మార్చడం వేలల్లో పని. మంచి తీగల సెట్టు కూడా వెయ్యి దాటుతుంది, ఆరు తీగల గిటార్ సెట్టు ధర చూసి మోసపోకండి. ఆ ఖర్చు ధరలోంచి తీసేయమని అడగడం తప్పు కాదు. అమ్మేవాళ్ళు కూడా దానికి కోపం తెచ్చుకోకూడదు.

*పెడళ్ళ మోజు*

పెడల్ గురించి మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మొదటి ఏడాది పెడల్ కొనకండి. తమ్ముళ్ళు బేస్‌కు డబ్బు తగ్గించి, మిగిలినదాంతో డిస్టార్షన్ పెడల్ కొంటున్నారు. ఇది తలకిందుల వరస. ముందు మంచి నెక్ ఉన్న బేస్. తర్వాత మంచి కేబుల్. ఆ తర్వాత డీఐ బాక్స్. మన ఊళ్ళలో బేస్ ఆంప్ దొరకదు, నేరుగా మిక్సర్‌లోకే పెడతాం. మామూలు పాసివ్ బేస్‌ను నేరుగా మిక్సర్‌లో పెడితే సౌండు పలచబడి, దూరం ఎక్కువైతే గుయ్యిమని మోత వస్తుంది. డీఐ బాక్స్ ఆ తేడా సరిచేస్తుంది. అది అందంగా ఉండదు, దాని మీద బొమ్మలు ఉండవు, కాబట్టి ఎవరూ కొనరు. కానీ స్టేజి మీద మన సౌండు కాపాడేది అదే. ట్యూనర్ పెడల్ కూడా వెంటనే అక్కర్లేదు, ఫోన్లో యాప్ సరిపోతుంది.

ఇంకో సంగతి. ఆరు తీగల గిటార్ కోసం చేసిన ఓవర్‌డ్రైవ్ పెడళ్ళు చాలావరకు కింది సౌండును కోసేస్తాయి. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ గిటార్‌కు ఎంత పేరున్నదైనా, బేస్‌కు పెడితే కడుపు ఖాళీ అయినట్టు వినిపిస్తుంది. అమ్మేవాళ్ళు "బేస్‌కు కూడా పనికొస్తుంది" అంటే మీ బేస్ పట్టుకెళ్ళి, లావు తీగ మీద మోగించి చూడండి. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు, ఆన్ చేసినప్పుడు కింది మోత అట్లాగే ఉందా లేదా అని వినండి.

పెడల్ కొనేరోజు వచ్చినప్పుడు అడాప్టర్ జాగ్రత్త. ఎక్కువ పెడళ్ళకు కావలసింది 9 ఓల్టుల డీసీ, నడిమి పిన్ను మైనస్. మన చర్చిల్లో, హాస్టళ్ళలో చేతికి దొరికేది కీబోర్డు అడాప్టర్. యమహా చిన్న కీబోర్డుల అడాప్టర్ చాలావాటికి 12 ఓల్టులు, నడిమి పిన్ను ప్లస్. పిన్ను పడుతుంది కదా అని దాన్ని పెడల్‌కు గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. అమ్మకానికి వచ్చే "ఆన్ కావట్లేదు, చిన్న రిపేరు" పెడళ్ళలో ఇట్లా పోయినవి ఉంటాయి. చిన్న రిపేరే అయితే అమ్మేవాళ్ళే చేయించి అమ్మొచ్చు కదా అని ఒక్కసారి ఆలోచించండి. పెడల్ కింద, అడాప్టర్ మీద చిన్న వృత్తంతో ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

మల్టీ ఎఫెక్ట్స్ అయితే ప్రతి ఫుట్ స్విచ్ కాలితో తొక్కి చూడండి. చేత్తో నొక్కితే పనిచేసి, కాలితో తొక్కితే పనిచేయనివి ఉంటాయి. డిస్‌ప్లేలో గీతలు పోయాయా చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మళ్ళీ ఆన్ అయ్యేదాకా ఆగండి.

*డబ్బు, దొంగసొత్తు*

పాత వస్తువుల యాప్‌లలో కొత్తవాళ్ళతో బేరం చేసేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ను అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. "మీ గిటార్ కొంటాం, ఈ కోడ్ స్కాన్ చేయండి, డబ్బు పడుతుంది" అంటే అది మోసమే. మిలటరీ ఆఫీసర్‌నని ఐడీ కార్డు ఫోటో పంపి, కొరియర్ ఖర్చు ముందు కట్టమనేది కూడా పాత మోసమే. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ. చెల్లెళ్ళు ఒంటరిగా వెళ్ళొద్దు. పగటిపూట, పదిమంది తిరిగేచోట కలవండి.

చాలా తక్కువ ధరకు వస్తుందంటే సంతోషించేముందు ఎందుకు అని అడగండి. దొంగసొత్తు అని తెలిసి గానీ, అనుమానించడానికి తగిన కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. పోలీసు స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తే మన పిల్లల మాట ఎంతమంది వింటారో మీకు తెలుసు. కాబట్టి బిల్లు అడగండి. బిల్లు లేకపోతే సీరియల్ నంబరు, అమ్మేవాళ్ళ పేరు, తేదీ, ధర రాసి సంతకం చేయించుకోండి. తెల్లకాగితం చాలు.

వాయిద్యం పోతే దాని యజమానికి ఎట్లా ఉంటుందో కూడా ఆలోచించాలి. జాకో పాస్టోరియస్ అనే గొప్ప బేసిస్టు 1962 నాటి జాజ్ బేస్ 1986లో న్యూయార్క్‌లో పోయింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత ఆ బేస్ తేలింది. మెటాలికా బేసిస్టు రాబర్ట్ ట్రుహియో డబ్బు పెట్టి అది జాకో కుటుంబానికి అందేలా చేశాడు. జేమర్సన్ బేస్ కూడా 1983లో ఆయన చనిపోవడానికి కొద్దిరోజుల ముందు పోయింది. అది మళ్ళీ ఎవరికీ కనబడలేదు. మన హాస్టళ్ళలో పోయే గిటార్లకు అంత పేరు ఉండదు గానీ, పోగొట్టుకున్నవాడి బాధ ఒకటే. మన మధ్య అమ్మకానికి వచ్చిన ప్రతిదానికీ సీరియల్ నంబరు ఫోటో ఉంటే దొంగసొత్తు మన దగ్గర చెల్లదు.

*షాపుకు అమ్మేముందు*

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. పీజీ అయిపోయిన అన్న హైదరాబాద్‌లోనో విశాఖలోనో రూము ఖాళీ చేస్తూ బేస్‌ను షాపుకు ఇచ్చేస్తాడు. అర్జెంటు కాబట్టి ఎంతిస్తే అంత. షాపువాడు 5,000కి తీసుకున్నాడు అనుకుందాం. తుడిచి, తీగలు మార్చి 9,000కి పెడతాడు. నెల తర్వాత మన తమ్ముడే వెళ్ళి 9,000 పెట్టి దాన్ని కొంటాడు. షాపువాడిది తప్పు అనడం లేదు. అతనికి అద్దె ఉంది, పనివాళ్ళున్నారు. కానీ అదే బేస్ అన్న నుంచి తమ్ముడికి నేరుగా 7,000కి వస్తే అన్నకు 2,000 ఎక్కువ, తమ్ముడికి 2,000 తక్కువ. ఇద్దరికీ లాభమే.

ఈ లెక్క మనకు కొత్తదా? సంతలో చింతపండు, తేనె, కరక్కాయ అడ్డికి పావుశేరు లెక్కన దళారులకు పోతున్నాయనే కదా 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది. షావుకారు వడ్డీలు ఇళ్ళు ముంచుతున్నాయనే కదా 1960లో షెడ్యూల్డ్ ఏరియాలకు వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ తెచ్చింది. ఆ చట్టాలు ఎంత అమలయ్యాయి అనేది వేరే పోస్టు. కానీ మన వస్తువు మన చేతుల్లోంచి చవగ్గా పోయి, మళ్ళీ మనకే ప్రియంగా రావడం అనే కథ మన తాతల నుంచీ తెలిసిందే. చదువుకున్న మనం కూడా అదే సంత నడుపుకోవాలా?

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. "నేనూ పేదింటి నుంచే వచ్చాను. పార్ట్ టైం చేసి కొనుక్కున్నాను. జాతి పేరు చెప్పి తక్కువకు ఇవ్వమంటే ఎట్లా?" అని అన్నలు అడగొచ్చు. మేము దానం చేయమనడం లేదు. షాపు ఇచ్చేదానికంటే ఎక్కువే తీసుకోండి. మేము అడిగేది మూడే. షాపుకు ఇచ్చేముందు ఒక వారం ఇక్కడ పెట్టండి. లోపాలు రాయండి. వీలైతే రెండు మూడు కంతుల్లో వడ్డీ లేకుండా తీసుకోండి. కంతులు అన్నప్పుడు తమ్ముళ్ళ బాధ్యత కూడా ఉంది. కాగితం రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకం పెట్టి, చెప్పిన తేదీకి కట్టాలి. మనవాడే కదా అని ఎగ్గొడితే ఆ దెబ్బ తర్వాత వచ్చే పది మంది జూనియర్లకు తగులుతుంది. ఒక అన్న ఒకసారి మోసపోతే ఇక జన్మలో మనలో ఎవరికీ అప్పు మీద ఇవ్వడు.

ఇంకో అలవాటు కూడా మానాలి. మన దగ్గర చవగ్గా కొని, మర్నాడే బయట ఎక్కువకు అమ్ముకోవడం. అట్లా చేస్తే దళారి వేరే ఎక్కడో లేడు, మన మధ్యలోనే పుట్టాడు. ఇక్కడ కొన్నది ఒక ఏడాదైనా వాయించండి. అమ్మాల్సి వస్తే మళ్ళీ ఇక్కడే పెట్టండి.

లోపం చెబితే ధర పడిపోతుందని భయం. పడుతుంది, కాదనం. కానీ లోపం దాస్తే ఏం జరుగుతుందో చూడండి. నాలుగుసార్లు దెబ్బతిన్నాక కొనేవాళ్ళు అందరినీ అనుమానిస్తారు. అప్పుడు నిజంగా మంచి బేస్ పెట్టినవాళ్ళకు కూడా మంచి ధర రాదు. వాళ్ళు విసుగొచ్చి షాపుకు పోతారు. చివరికి మన మధ్య మిగిలేవి పాడైనవే. ఒకరి అబద్ధం ఖరీదు అందరూ కడతారు.

*అమ్మకూడనిది*

ఒక హద్దు మాత్రం ఉండాలి. మన సొంత డబ్బుతో కొన్న బేస్, పెడల్ మన ఇష్టం, అమ్ముకోవచ్చు. ఊరి డోలి, తుడుము, కొమ్ము మన ఒక్కరివి కావు. పాత వాయిద్యాలకు మంచి డబ్బులిస్తామని అడిగేవాళ్ళు ఎదురుపడొచ్చు. తాత ఇంట్లో మూలన పడి ఉంది, ఎవరూ వాయించట్లేదు, అమ్మేస్తే ఒక బేస్ వస్తుంది కదా అనిపించొచ్చు. వద్దు. బేస్ ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది దొరుకుతుంది. నంబరు వేసి ఫ్యాక్టరీలో చేసిన వస్తువు అది. ఆ డోలి చేసిన చేయి, దాని మీద ఏ దెబ్బ ఏ వేళ కొట్టాలో తెలిసిన చేయి మళ్ళీ దొరకవు. ఎవరూ వాయించట్లేదంటే అది నేర్చుకోవడానికి కారణం, అమ్మడానికి కాదు. బేస్ వాయించే తమ్ముళ్ళు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ డోలి పక్కన కూర్చుని దాని నడక పట్టుకుంటే, ఆ బేస్ కూడా మనదిలా మోగుతుంది.

*ఇకనుంచి ఇట్లా పెడదాం*

వాయిద్యం అమ్మేవాళ్ళు "మంచి కండిషన్" అని రాసి వదిలేయకుండా ఈ ఎనిమిది విషయాలు రాయాలని మా ప్రతిపాదన.

1. కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు ఫోటో.
2. ఎప్పుడు, ఎక్కడ కొన్నారు, బిల్లు ఉందా లేదా.
3. ఇప్పటిదాకా ఏం మార్చారు, ఏం రిపేరు చేయించారు.
4. ఇప్పుడు ఏం పనిచేయదు, ఎక్కడ గరగర వస్తుంది. ఏమీ లేకపోతే "ఏ లోపం లేదు" అని మీ పేరుతో రాయండి.
5. బేస్ అయితే ట్రస్ రాడ్ తిరుగుతుందా, పెడల్ అయితే అడాప్టర్ ఇస్తున్నారా.
6. పెడళ్ళు లేకుండా మామూలు సౌండుతో ఒక నిమిషం వీడియో.
7. ధర, కంతులకు ఒప్పుకుంటారా.
8. ఏ ఊళ్ళో, ఎక్కడికి వచ్చి చూడొచ్చు.

ఇవి రాయడానికి పది నిమిషాలు పడుతుంది. రాయని పోస్టు కింద "నాలుగో పాయింటు ఏది అన్నా?" అని మర్యాదగా అడుగుదాం. తిట్లు వద్దు, వెటకారం వద్దు. అడిగితే చాలు, అలవాటు దానంతట అదే వస్తుంది.

బేస్ సెటప్, సోల్డరింగ్ వచ్చిన మనవాళ్ళు ఎవరెవరు ఏ ఊళ్ళో ఉన్నారో కింద రాయండి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, రంపచోడవరం, పాడేరు, సీతంపేట వైపు కొనబోయే తమ్ముడికి వెంట వచ్చి చూసిపెట్టే ఒక మనిషి ఉంటే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి. మా మాటల్లో ఏదైనా సరికాదనిపిస్తే అదీ రాయండి. షాపు నడిపే మనవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ వైపు లెక్క కూడా చెప్పండి, వింటాం.

జోహార్.